మినారి: పరాయి వాగు ఒడ్డున ఇంటి ఆకుకూర

‘మినారి’ అమెరికాలో తయారైన సినిమా. దర్శకుడు అమెరికాలో పుట్టినవాడు, పెట్టుబడి అమెరికాది, కథ జరిగేది అర్కన్సా రాష్ట్రంలోని ఒక పల్లెలో. అయినా అందులోని మాటల్లో ఎక్కువ భాగం కొరియన్ భాషలో వినిపిస్తాయి. 1980లలో ఒక కొరియన్ కుటుంబం పరాయి గడ్డ మీద నేల కొని, కూరగాయలు పండించి నిలదొక్కుకోవడానికి పడిన పాట్లే ఇందులోని కథ. మినారి ఒక ఆకుకూర పేరు. వాగుల పక్కన, చెమ్మ నేలల్లో పెరుగుతుంది. కొరియన్లు దాన్ని పులుసుల్లోనూ, కిమ్చీ అనే తమ ఊరగాయలోనూ వేసుకుంటారు. అంత మామూలు కూర పేరు సినిమాకు ఎందుకు పెట్టారో కథ చివరికి వచ్చాక గానీ పూర్తిగా తెలియదు.

2020 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించినప్పుడే అమెరికన్ కథాచిత్రాల విభాగంలో జ్యూరీ ఇచ్చే అత్యున్నత బహుమతి, ప్రేక్షకుల బహుమతి రెండూ దీనికి దక్కాయి. 2021లో ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అమ్మమ్మ పాత్ర వేసిన యూన్ యో జంగ్ ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ అందుకుంది. నటనకు ఆస్కార్ గెలుచుకున్న తొలి కొరియన్ ఆమే.

రెండు వలసల దారి

హైదరాబాద్ తూర్పు వైపున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌ వాసులకు ఈ కథ కొత్తదేమీ కాదు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి విజయవాడ హైవే మీదుగా బస్సులో వచ్చేవారికి హైదరాబాద్ మొదలయ్యేది ఎల్బీ నగర్ దగ్గరే. దిగినచోటే గది వెతుక్కుని, తెలిసినవారి పక్కన స్థలం కొనుక్కుని, ఇల్లు కట్టుకున్నవారితో కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురం కాలనీలు పెరిగాయి. దిల్‌సుఖ్‌నగర్ పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు పేరుపడింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో నడవడం మొదలయ్యాక ఈ చివరి ఊళ్లు నగరం నడిమధ్యకు వచ్చినట్టయింది.

ఇది మొదటి వలస, పల్లె నుంచి పట్నానికి. రెండోది ఆ ఇంటి పిల్లలది. ఇంజినీరింగ్ పూర్తవగానే పరీక్షలు రాసి, కన్సల్టెన్సీల చుట్టూ తిరిగి, బ్యాంకు రుణం పెట్టి అమెరికా విమానం ఎక్కుతారు. 2008లో హైదరాబాద్‌లోనే అమెరికా కాన్సులేట్ తెరుచుకున్నాక వీసా కోసం చెన్నై వెళ్లే పని తప్పింది. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది అన్ని దేశాల్లోకీ అదే ఎక్కువ. 2010, 2017 మధ్య అమెరికా ఇళ్లలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగి 4 లక్షలు దాటిందని అక్కడి జనగణన సంస్థ సర్వే లెక్కలు చెబుతున్నాయి.

ఈ వలసకూ, ‘మినారి’ కుటుంబపు వలసకూ తలుపు తెరిచింది ఒకే చట్టం. 1965కు ముందు అమెరికా, దేశాల వారీగా కోటాలు పెట్టి ఆసియావారిని దాదాపు రానిచ్చేది కాదు. ఆ ఏడాది వచ్చిన వలస చట్టం ఆ కోటాలను తీసేసి, నైపుణ్యం ఉన్నవారికి, అక్కడ స్థిరపడ్డవారి దగ్గరి బంధువులకు ప్రాధాన్యం ఇచ్చింది. తెలుగు డాక్టర్లూ ఇంజినీర్లూ వెళ్లింది ఆ దారినే. కొరియన్లు వేల సంఖ్యలో వెళ్లిందీ ఆ దారినే.

చక్రాల మీద ఇల్లు

సినిమాలో జేకబ్, మోనికా భార్యాభర్తలు. వారికి ఆన్ అనే కూతురు, డేవిడ్ అనే చిన్న కొడుకు. కాలిఫోర్నియాలో కొన్నేళ్లు కోడిపిల్లల హ్యాచరీలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో జేకబ్ అర్కన్సాలో భూమి కొంటాడు. కుటుంబం కారులో అక్కడికి చేరినప్పుడు మోనికా చూసిన ఇల్లు చక్రాల మీద నిలబెట్టిన పొడవాటి రేకు డబ్బా లాంటిది. ఎక్కడానికి మెట్లు కూడా లేవు. ఇలాంటిచోటుకు తీసుకొస్తానని భర్త ముందే చెప్పలేదన్నది ఆమె బాధ. ఇంత మంచి మట్టి ఇంకెక్కడా దొరకదన్నది అతని సంబరం. సినిమా పొడుగునా ఈ ఇద్దరి మధ్య నలిగే తగవు ఇదే. అతను భూమిని చూస్తాడు. ఆమె ఆసుపత్రి ఎంత దూరమో చూస్తుంది, ఎందుకంటే డేవిడ్ గుండెలో జబ్బు ఉంది. పరిగెత్తవద్దని వాడికి రోజూ చెబుతూనే ఉండాలి.

అక్కడ కూడా ఇద్దరూ హ్యాచరీలోనే పనికి కుదురుతారు. అప్పుడే పుట్టిన కోడిపిల్లల్లో పెట్టనూ పుంజునూ వేరుచేయడం వారి పని. చూపు, చేతివేగం రెండూ కావాలి. జేకబ్‌కు ఆ వేగం ఉంది గానీ ఆ పని మీద మనసు లేదు. పొగగొట్టం నుంచి నల్లటి పొగ వస్తుంటే అదేమిటని కొడుకు అడుగుతాడు. పుంజు పిల్లలను పారేస్తారని, అవి గుడ్లు పెట్టవని, రుచిగా ఉండవని తండ్రి చెబుతాడు. అందుకే మనం పనికొచ్చేవాళ్లం కావాలి అని కొడుక్కి నేర్పుతాడు. జేకబ్ భయం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. నెలజీతం వదులుకుని తన చేలో తన పంట తీయాలన్న పట్టుదల అక్కడి నుంచే వచ్చింది. ఏటా వేలమంది కొరియన్లు అమెరికా వస్తున్నారు, వారికి తమ కూరగాయలు కావాలి, అవి పండిస్తే అమ్ముడుపోతాయి అన్నది అతని లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఈనాడు అమెరికాలో భారతీయ కిరాణా దుకాణాల్లో గోంగూర, దోసకాయ, దొండకాయ దొరకడానికి వెనక ఉన్నదీ అదే లెక్క.

ఎండిన బావి

భూమి కొన్నాక మొదటి అవసరం నీళ్లు. చెట్టుకొమ్మ పంగ పట్టుకుని తిరిగి నీళ్లు ఎక్కడున్నాయో చూపించే మనిషి వస్తాడు. జేకబ్ అతన్ని పంపించేస్తాడు. తెలివి ఉన్నవాడు డబ్బిచ్చి ఇలాంటివి నమ్మనక్కర్లేదని కొడుకుకు చెప్పి, పల్లంలో చెట్లున్నచోట నీరుంటుందని లెక్కగట్టి తానే బావి తవ్వుతాడు. నీళ్లు పడతాయి. పంట వేస్తాడు. కొన్నాళ్లకు బావి ఎండిపోతుంది. చేను బతికించుకోవడానికి డబ్బుకట్టి తెచ్చుకునే కుళాయి నీళ్లను పొలానికి మళ్లిస్తాడు. చివరికి ఇంట్లో కుళాయి కూడా ఆగిపోతుంది.

నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల రైతుకు ఈ భాగంలో వివరణ అక్కర్లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకునో, వేప పంగ పట్టుకునో నీళ్లు చూసే మనుషులు ఇక్కడి పల్లెల్లోనూ ఉన్నారు. ఒక బోరు పడక రెండోది, రెండోది పడక మూడోది వేయించి అప్పులపాలైన ఇళ్లూ ఉన్నాయి. అలాంటి ఇళ్ల నుంచే ఎందరో ఎల్బీ నగర్ బస్సెక్కారు. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్, బాటసింగారానికి తరలిపోయేదాకా, ఆ రైతుల బత్తాయి, మామిడి దిగే చోటు. సరుకు లారీలో వచ్చాక కొనేవాడు మాట మార్చితే రైతు ఏమవుతాడో ఆ మార్కెట్ ఎరిగిన వారికి తెలుసు. సినిమాలోనూ అదే జరుగుతుంది. కొంటానన్న డాలస్ వ్యాపారి ఆఖరి నిమిషంలో వద్దంటాడు. కోసిన కూరగాయలు కొట్టంలో ఉండిపోతాయి. అమెరికా అన్న పేరు తీసేస్తే ఇది వట్టి రైతు కథ.

అమ్మమ్మ వచ్చింది

పనికి వెళ్లే తల్లిదండ్రులకు పిల్లలను చూసుకునే మనిషి కావాలి. మోనికా తన తల్లి సూన్‌జాను కొరియా నుంచి పిలిపిస్తుంది. ఆమె మూటలో కారప్పొడి, ఎండు చేపలు, మినారి విత్తనాలు ఉంటాయి. ఆ కారాన్ని చేతిలోకి తీసుకోగానే మోనికా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఏళ్ల తరబడి తల్లిని చూడని కూతురి దుఃఖం గురించి దర్శకుడు అంతకుమించి ఒక్క మాట కూడా రాయలేదు. ఎండబెట్టి దంచిన కారం, ఆవకాయ జాడీ, చలిమిడి డబ్బా సూట్‌కేసులో సర్దిన ఏ తెలుగింటి తల్లికైనా ఆ దృశ్యం అర్థమవుతుంది.

డేవిడ్‌కు మాత్రం ఈ అమ్మమ్మ నచ్చదు. ఆమె దగ్గర కొరియా వాసన వస్తుందంటాడు. అమ్మమ్మ అంటే బిస్కెట్లు కాల్చి పెట్టాలని, తిట్టకూడదని వాడు టీవీ చూసి అనుకున్నాడు. ఈమె పేకాట నేర్పుతుంది, టీవీలో కుస్తీలు చూస్తుంది, నోరు జారుతుంది. వాడు ఒకసారి ఆమెకు మూత్రం తాగించేంత అల్లరి చేస్తాడు. పెద్దవాళ్లు కోప్పడతారు గానీ ఆమె మనవణ్ణి వెనకేసుకొస్తుంది. అందరూ వాడిని బలహీనుడిలా చూస్తుంటే, నీ అంత గట్టి పిల్లవాడిని చూడలేదని చెప్పేది ఆమె ఒక్కతే.

ఇల్లు దాటి అడవిలోని వాగు దాకా మనవడితో వెళ్లి ఆమె విత్తనాలు చల్లుతుంది. అక్కడ పామును చూసి వాడు రాయి విసరబోతే ఆపుతుంది. కనబడేదాని కంటే దాగున్నదే ప్రమాదం, తరిమేస్తే అది దాక్కుంటుందని చెబుతుంది. మినారి గురించి ఆమె చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది. ఎక్కడైనా పెరుగుతుంది, ఉన్నవారూ లేనివారూ అందరూ కోసుకోవచ్చు, ఒంట్లో బాగా లేకపోతే మందుగానూ పనికొస్తుంది.

తెలుగు ఇళ్లలో ఇలాంటి ప్రయాణాలు చాలా మామూలైపోయాయి. కూతురి పురుడుకో, కోడలు ఉద్యోగంలో చేరినప్పుడో అమ్మమ్మ, నానమ్మ అమెరికా వెళతారు. సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి ఒక ఆరు నెలలు వీరు, ఇంకో ఆరు నెలలు వియ్యాలవారు వంతులేసుకుంటారు. పచ్చి కరివేపాకు తీసుకెళ్లడానికి వీల్లేదు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుందని అమెరికా నిషేధించింది. అందుకే పెరట్లో గోంగూర, కుండీలో కరివేపాకు పెంచుకోవడం అక్కడి తెలుగిళ్లలో ఇంటి పనుల్లో ఒకటైంది. చలికి కుండీని లోపలికి తెచ్చుకుని బతికించుకుంటారు. ‘మినారి’ చూసిన తెలుగువారికి గోంగూర గుర్తుకు రావడానికి కారణం ఇదే.

ఏ భాష ఎవరిది

ఈ ఇంట్లో భార్యాభర్తలు కొరియన్‌లో మాట్లాడుకుంటారు. అక్కాతమ్ముళ్లు తమలో తాము ఇంగ్లిష్ మాట్లాడతారు. తల్లి కొరియన్‌లో అడిగితే కొడుకు ఇంగ్లిష్‌లో జవాబిస్తాడు. అమ్మమ్మకు ఇంగ్లిష్ రాదు. భార్యాభర్తల తగవు పెద్దదైనప్పుడు పిల్లలు గొడవ వద్దని కాగితాల మీద రాసి విమానాలుగా మడిచి విసురుతారు. పెద్దల మాటల్లో ఎంతవరకు పిల్లలకు అందుతోందన్న ప్రశ్న ఈ సినిమాలో చెప్పకుండానే నడుస్తుంటుంది. ఫోనులో తాతయ్య తెలుగులో పలకరిస్తే మనవరాలు ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పి ఫోను అమ్మకిచ్చే ఇళ్లకు ఇది రోజువారీ అనుభవం.

సినిమాలోని కొరియన్ భాషే అవార్డుల దగ్గర పేచీ తెచ్చింది. గోల్డెన్ గ్లోబ్ అప్పటి నిబంధన ప్రకారం ఉత్తమ చిత్రం పోటీకి సినిమా సంభాషణల్లో కనీసం సగం ఇంగ్లిష్‌లో ఉండాల్సి వచ్చేది. అందుకని అమెరికాలో పుట్టిన ఈ సినిమాను విదేశీ భాషా చిత్రాల వరుసలో కూర్చోబెట్టి, 2021 ఫిబ్రవరిలో అక్కడే బహుమతి ఇచ్చారు. అమెరికాలో ఇంట్లో ఇంగ్లిష్ కాక వేరే భాష మాట్లాడే కుటుంబాలు లక్షల్లో ఉండగా వారి మాటను విదేశీ అనడం ఏమిటన్న నిరసన బలంగా వచ్చింది. తర్వాత ఆ సంస్థ నిబంధన మార్చింది. ఆస్కార్‌కు ఆ అడ్డు లేదు. ఆస్కార్ ఇచ్చే అకాడమీ 2019లోనే తన విభాగం పేరులోంచి విదేశీ భాష అన్న మాట తీసేసి అంతర్జాతీయ చిత్రం అని మార్చుకుంది. ఉత్తమ చిత్రం పోటీకి భాష లెక్కలోకి రాదు కాబట్టి ‘మినారి’ ఆ పోటీలోనూ నిలిచింది.

ఈ సినిమా తీసిన మనుషుల జీవితాల్లోనూ ఈ వలసే ఉంది. దర్శకుడు లీ ఐజాక్ చంగ్ 1978లో డెన్వర్‌లో కొరియన్ తల్లిదండ్రులకు పుట్టి, అర్కన్సాలోని లింకన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. సినిమాలు వదిలేసి పాఠాలు చెప్పుకుందామనుకున్న రోజుల్లో తన చిన్నప్పటి జ్ఞాపకాలను సుమారు 80 దాకా వరుసగా రాసుకున్నాడు. కథ అందులోంచి పుట్టింది. జేకబ్‌గా నటించిన స్టీవెన్ యెన్ సియోల్‌లో పుట్టి చిన్నతనంలోనే ఉత్తర అమెరికా చేరినవాడు. ఉత్తమ నటుడి ఆస్కార్‌కు నామినేషన్ పొందిన తొలి ఆసియా అమెరికన్ అతనే. యూన్ యో జంగ్ 1970లలో కొరియాలో పేరున్న నటి. పెళ్లయ్యాక అమెరికా వెళ్లి పదేళ్ల వరకు ఉండి, 1980లలో తిరిగి వచ్చి, విడాకుల తర్వాత ఇద్దరు కొడుకులను నటన మీదే పెంచింది. ఆస్కార్ అందుకునేనాటికి ఆమె వయసు 73.

తెలుగు తెర మీద

పరాయి దేశంలో తెలుగు కుటుంబం అనే విషయాన్ని తెలుగు సినిమా 1987లోనే తీసుకుంది. జంధ్యాల దర్శకత్వంలో వచ్చిన ‘పడమటి సంధ్యారాగం’ చాలా భాగం అమెరికాలోనే తీసిన సినిమా. విజయశాంతి నాయిక. అమెరికన్ యువకుడి పాత్ర వేసిన థామస్ జేన్‌కు అదే మొదటి సినిమా, అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తర్వాత అతను హాలీవుడ్‌లో పేరున్న నటుడయ్యాడు. సంగీతం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అందించారు. అమెరికా చేరిన తెలుగింటి అమ్మాయి అక్కడి అబ్బాయిని ప్రేమిస్తే, ఆచారాల పట్టింపు ఉన్న తండ్రికి అది మింగుడుపడదు. గుమ్మలూరి శాస్త్రి ఆ తండ్రి పాత్ర వేశారు. దేశం మారినా ఇంటి కట్టుబాటు మారకూడదనే పెద్దతరం, ఊళ్లో ఉన్నాక ఊరితో కలవాలనే చిన్నతరం, ఈ రెంటి మధ్య రాపిడి ఆ సినిమాకు వెన్నెముక. దాన్ని జంధ్యాల తనదైన హాస్యంతో నడిపారు.

తర్వాతి కాలంలో ఈ కథ వేరే కొసల నుంచి వచ్చింది. నగేశ్ కుకునూర్ 1998లో తీసిన ‘హైదరాబాద్ బ్లూస్’ అమెరికాలో పన్నెండేళ్లుండి సొంతూరికి వచ్చిన యువకుడికి ఆ ఊరే కొత్తగా కనబడటం గురించి. ఇంగ్లిష్, హిందీ, తెలుగు కలిసిన హైదరాబాద్ మాటలతోనే అది నడుస్తుంది. శేఖర్ కమ్ముల తొలి సినిమా ‘డాలర్ డ్రీమ్స్’ ఇంకా బయల్దేరని కుర్రకారు గురించి. అమెరికా పిలుపు స్నేహాలను, ఇళ్లను ఎలా లాగుతుందో చెప్పింది. దానితో ఆయనకు తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. వెళ్లినవారు, తిరిగొచ్చినవారు, వెళ్లబోయేవారు, ఈ ముగ్గురి కథలూ ఇలా తెర మీదికి వచ్చాయి. అమెరికా ఇంట్లో పెరిగే డేవిడ్ వయసు పిల్లవాడి కళ్లతో, లేదా ఆరు నెలల కోసం వెళ్లిన అమ్మమ్మ వైపు నుంచి చెప్పిన కథలకు తెలుగులో ఇంకా చాలా చోటుంది.

మంట తర్వాత

‘మినారి’ చివరి భాగంలో సూన్‌జాకు పక్షవాతం వస్తుంది. చేయి, మాట సరిగా స్వాధీనంలో ఉండవు. అయినా ఊరకే కూర్చోలేక, అందరూ ఓక్లహామా సిటీకి వెళ్లిన రోజు చెత్త తగలబెడుతుంది. నిప్పు ఎగిరి పంట దాచిన కొట్టానికి అంటుకుంటుంది. అదే రోజు ఆ నగరంలో జేకబ్‌కు కొత్త వ్యాపారి దొరుకుతాడు, డేవిడ్ గుండె మెరుగుపడుతోందని డాక్టరు చెబుతాడు, విడిపోవాలని భార్యాభర్తలు నిర్ణయించుకుంటారు. ఇంటికి వచ్చి మంట చూసి ఇద్దరూ కూరగాయలు కాపాడాలని లోపలికి దూకుతారు. పొగలో ఒకరికొకరు కనబడక, చివరికి సరుకు వదిలేసి ఒకరినొకరు పట్టుకుని బయటపడతారు.

తన వల్ల ఇంత జరిగిందని సూన్‌జా చీకట్లో ఇంటికి దూరంగా నడిచిపోతుంది. పరిగెత్తకూడని డేవిడ్ అప్పుడు పరిగెత్తి ఆమెకు అడ్డం నిలబడతాడు, ఇంటికి రమ్మని అమ్మమ్మను పిలుస్తాడు. ఆ రాత్రి అందరూ ఒకే గదిలో నేల మీద పడుకుంటారు.

తర్వాత రెండు చిన్న దృశ్యాలతో సినిమా ముగుస్తుంది. మొదట పంపించేసిన నీళ్లు చూసే మనిషి పంగ పట్టుకుని మళ్లీ పొలంలో నడుస్తుంటాడు. జేకబ్, మోనికా అతను చూపించినచోట రాయి పెడతారు. అంటే ఆ కుటుంబం అక్కడే ఉంటుంది, ఈసారి ఊరివాళ్ల మాట విని ఉంటుంది. రెండో దృశ్యంలో తండ్రీకొడుకులు వాగు దగ్గరికి వెళతారు. అప్పు తెచ్చి, నీళ్లు పారించి, రాత్రింబవళ్లు కాపాడిన పంట బూడిదైంది. ఎవరూ పట్టించుకోని వాగు ఒడ్డున అమ్మమ్మ చల్లిన మినారి గుబురుగా పెరిగి ఉంటుంది. అమ్మమ్మ మంచి చోటే చూసిందని జేకబ్ కొడుకుతో అంటూ, వంగి కోయడం మొదలుపెడతాడు.